మూలనపడిన అంబాసిడర్: తిరిగి నడిపించడంలో తెలిసిన చరిత్ర

మన దేశంలో అంబాసిడర్ కారు 1950ల చివరి నుంచి 2014 మే దాకా తయారైంది. అర్ధ శతాబ్దానికి పైబడిన ఈ కాలంలో ఇంజిన్లు మారాయి, ముందు జల్లెడ మారింది, డాష్‌బోర్డు మారింది. చిన్నపిల్లవాడు కూడా అల్లంత దూరం నుంచి గుర్తుపట్టే ఆ గుండ్రటి రూపం మాత్రం మారలేదు. మన పరిశ్రమ వెనకబాటుకు అదే గుర్తని కొందరంటారు. అలాంటి గట్టి బండి మళ్లీ రాదని, ఇప్పటి కార్లు దాని ముందు రేకు డబ్బాలని మరికొందరంటారు. రెండు మాటల్లోనూ సగం నిజమే ఉంది.

మా బంధువుల ఇంట్లో 18 ఏళ్లుగా కదలని ఒక అంబాసిడర్‌ను తిరిగి నడిపించే పనిలో 2024లో నేనూ ఒక చెయ్యి వేశాను. వృత్తిరీత్యా ఇంజినీరునే అయినా, ఆ బండిలో విప్పిన ఒక్కో భాగం వెనక ఒక్కో కాలం ఉందని ఆ పనిలోనే బాగా తెలిసింది. మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం అడిగినప్పుడు ఈ విషయమే తోచింది. మనం బడికి నడిచిన రోజుల్లో రోడ్డు మీద కారు అంటే దాదాపు రెండే రకాలు: అంబాసిడర్, ఫియట్. ఆ రెండే ఎందుకున్నాయో, ఆ రెంటిలో ఒకటి ఇన్నేళ్ల తర్వాత కూడా మళ్లీ ఎలా నడవగలుగుతుందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఓఖా నుంచి ఉత్తర్‌పారా దాకా

స్వాతంత్ర్యానికి ముందు మన దేశంలో కార్లను తయారు చేసేవారు కాదు, బిగించేవారు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో ఆ పని మొదలుపెట్టింది. ఆ తర్వాత ఫోర్డ్ కూడా వచ్చింది. పెట్టెల్లో ఓడ దిగిన భాగాలను ఇక్కడ కూర్చి అమ్మడమే వాటి వ్యాపారం.

సొంతంగా తయారు చేయాలన్న సంకల్పం ఇద్దరు వ్యాపారవేత్తలకు దాదాపు ఒకే కాలంలో కలిగింది. బి.ఎం. బిర్లా 1942లో గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో హిందుస్థాన్ మోటార్స్‌ను స్థాపించారు. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్‌ను ప్రారంభించారు. హిందుస్థాన్ మోటార్స్ ఇంగ్లండులోని మోరిస్ కంపెనీతో చేయి కలిపింది. 1948లో ఫ్యాక్టరీ పశ్చిమ బెంగాల్ హుగ్లీ జిల్లాలోని ఉత్తర్‌పారాకు మారింది. ప్రీమియర్ కంపెనీ బొంబాయి కుర్లాలో మొదట అమెరికన్ కార్లు బిగించి, తర్వాత ఇటలీ ఫియట్ వైపు తిరిగింది. మనం ఫియట్ అని పిలిచి, తర్వాత పద్మిని అని పిలిచిన బండి అదే. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ మూడోది.

1953లో టారిఫ్ కమిషన్ చేసిన సిఫార్సుతో కథ మలుపు తిరిగింది. ఇక్కడే భాగాలు తయారు చేసే ప్రణాళిక ఉన్న కంపెనీలనే కొనసాగనివ్వాలన్నది దాని సారాంశం. జనరల్ మోటార్స్, ఫోర్డ్ మూటాముల్లె సర్దుకున్నాయి. అంతకుముందే 1951 పరిశ్రమల చట్టం వచ్చింది. ఎవరు ఏ వస్తువు ఎన్ని తయారు చేయాలో ప్రభుత్వ లైసెన్సు నిర్ణయించే రోజులు మొదలయ్యాయి. విదేశీ మారకద్రవ్యం కొరత ఎప్పుడూ ఉండేది. కొత్త మోడల్ తేవాలంటే కొత్త అచ్చులు, కొత్త యంత్రాలు దిగుమతి చేసుకోవాలి. అందుకు అనుమతి దొరకడం గగనం.

ఈ నేపథ్యంలోనే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో శ్రేణి ఇక్కడ ల్యాండ్‌మాస్టర్ అయింది. మూడో శ్రేణి అంబాసిడర్ అయింది. ఇంగ్లండులో ఆ మూడో శ్రేణి 1956లో వచ్చింది, 1959కల్లా కొత్త రూపానికి దారిచ్చింది. అక్కడ మూడేళ్ల ముచ్చట మన దగ్గర మూడు తరాల బండి అయింది. మొదట్లో పాత పద్ధతి సైడ్ వాల్వ్ ఇంజిన్ ఉండేది. 1959 నుంచి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్ వచ్చింది. ఇంగ్లండు కుర్రకారు మోజుపడిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఈ కుటుంబం ఇంజినే. మన దగ్గర అది పెళ్లివారిని, కలెక్టర్లను, ఆస్పత్రికి వెళ్లే రోగులను మోసింది.

మార్క్ 2 1960ల తొలినాళ్లలో, మార్క్ 3 1975లో, మార్క్ 4 1979లో వచ్చాయి. మార్క్ 4తో డీజిల్ ఇంజిన్ కూడా వచ్చింది. 1983 డిసెంబరు 14న మారుతి 800 తొలి తాళం చెవులు ఇందిరాగాంధీ చేతుల మీదుగా అందినప్పుడు అంబాసిడర్ రోజులు లెక్కకు వచ్చాయి. అయినా అది మరో ముప్పై ఏళ్లు బతికింది. 1990లలో ఇసుజు ఇంజిన్‌తో, నేల మీద గేరు కర్రతో కొత్త రకం వచ్చింది. 1980ల మధ్యలో ఏటా దాదాపు 24,000 బండ్లు అమ్మిన కంపెనీ, చివరి ఆర్థిక సంవత్సరంలో అమ్మినవి దాదాపు 2,200. 2014 మే 24న ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో పని ఆగింది. 2017లో అంబాసిడర్ అన్న పేరును 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్స్‌లోని ప్యూజో కంపెనీ వారికి అమ్మేశారు.

మారని బండి తయారు చేసిన మేస్త్రీలు

ఈ కథలో నష్టం ఎవరిదో అందరికీ తెలుసు. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన కొనుగోలుదారుది. పోటీ లేనిచోట మెరుగుదల ఎందుకుంటుంది? దీన్ని తీపి జ్ఞాపకాల కింద కప్పెయ్యకూడదు.

కానీ ఆ మారకపోవడం నుంచే, ఎవరూ అనుకోకుండా, మరొకటి పుట్టింది. 1965 బండి విడిభాగం 1985 బండికి చాలా చోట్ల సరిపోయేది. ఒక మేస్త్రీ ఇరవై ఏళ్ల వయసులో నేర్చుకున్న పని అరవై ఏళ్లకూ చెల్లేది. అందువల్ల అంబాసిడర్‌కు మెకానిక్ లేని ఊరు ఉండేది కాదు. రాజమండ్రి వెళ్లే దారిలో బండి ఆగినా, కర్నూలు దారిలో ఆగినా, చెట్టు కింద రెండు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవరు, ఒక సుత్తితో కూర్చున్న మనిషి దాన్ని బయలుదేరదీసేవాడు. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల పెరిగిన విద్య ఇదే. కంపెనీలో దొరకని భాగాన్ని లేత్ మీద తీసి ఇవ్వడం, అరిగిన షాఫ్ట్‌కు మెటల్ కట్టడం, చిరిగిన గ్యాస్కెట్ బదులు అట్ట మీద గీసి కత్తిరించడం అక్కడ నిత్యం జరిగే పనులు. కొత్త వస్తువు దొరకని దేశంలో పాతదాన్ని బతికించడం ఒక పెద్ద విద్య అయింది.

ఈ విద్య ఏ పాఠ్యపుస్తకంలోకీ ఎక్కలేదు. గురువు చేతి నుంచి శిష్యుడి చేతికి వచ్చింది. ఇప్పుడు శిష్యులు లేరు. నేటి కార్లను కంప్యూటర్ తగిలించి చదవాలి. చెడిన భాగాన్ని బాగుచేయరు, మారుస్తారు. అది తప్పని నేననను. పొగ తగ్గింది, భద్రత పెరిగింది, మైలేజీ పెరిగింది. అయితే అంబాసిడర్ తెలిసిన చివరి తరం మేస్త్రీలు ఇప్పుడు డెబ్భైల్లో ఉన్నారు.

ఆగిన బండికి ఏమవుతుంది

నడిస్తే అరుగుతుంది, ఆగితే అలాగే ఉంటుంది అనుకుంటాం. యంత్రాల విషయంలో ఇది తప్పు. నడిచే యంత్రం అరిగేది కొద్దికొద్దిగా. ఆగిన యంత్రం అన్నివైపుల నుంచీ ఒకేసారి చెడుతుంది.

ట్యాంకులో మిగిలిన పెట్రోలులోని తేలిక భాగాలు ముందు ఆవిరైపోతాయి. మిగిలింది గాలితో కలిసి జిగురవుతుంది, వార్నిష్ వాసన వేస్తుంది. ఆ జిగురు కార్బురేటరులోని సన్నటి రంధ్రాలను పూడ్చేస్తుంది. బ్యాటరీ పలకల మీద లెడ్ సల్ఫేట్ స్ఫటికాలు గట్టిపడి, ఒకటి రెండేళ్లకే అది పనికిరాకుండా పోతుంది. బ్రేకు నూనెకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఆ తేమ బ్రేకు సిలిండర్లను లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. రబ్బరు గొట్టాలు బీటలు వారతాయి. టైర్లు నిలిచిన చోటే చదునవుతాయి. ఇక ఎలుకలు వైర్ల తొడుగులు కొరుకుతాయి.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇంజిన్ లోపల తగులుతుంది. బడిలో మనమంతా నాలుగు స్ట్రోకుల ఇంజిన్ బొమ్మ గీసినవాళ్లమే. నాలుగు సిలిండర్లలో ఏ క్షణాన చూసినా ఒకటి పీలుస్తుంటుంది, ఒకటి నొక్కుతుంటుంది, ఒకటి పేలుతుంటుంది, ఒకటి వదులుతుంటుంది. ఆ బొమ్మలో మాస్టారు అడగని ప్రశ్న ఒకటుంది: ఇంజిన్ ఆగిపోతే ఏ వాల్వు తెరిచి ఉంటుంది? పీల్చే దశలో ఆగినదానికి ఒకటి, వదిలే దశలో ఆగినదానికి ఒకటి. అంటే ఇంజిన్ ఎక్కడ ఆగినా సాధారణంగా రెండు సిలిండర్లకు బయటి గాలి తగులుతూనే ఉంటుంది. వానాకాలం తేమ అలా లోపలికి చేరి, ఇనుప రింగులను ఇనుప గోడకు తుప్పుతో అతికిస్తుంది. గోదావరి జిల్లాల్లాంటి చోట ఇది మరీ త్వరగా జరుగుతుంది.

అందుకే ఏళ్ల తరబడి ఆగిన బండి దగ్గర చేయకూడని మొదటి పని, కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడం. అతుక్కున్న రింగు విరుగుతుంది. నూనె లేని బేరింగు గీసుకుపోతుంది. పద్దెనిమిదేళ్లలో జరగని నష్టం పది సెకన్లలో జరుగుతుంది.

1973 మార్క్ 2

మేము పనిచేసిన బండి మా మేనమామగారు 1973లో కొన్నది. 2006లో ఆయన పోయాక దాన్ని ఎవరూ తీయలేదు. అత్తయ్య అమ్మనివ్వలేదు. ఇప్పుడు ఆ పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాలి, నెలన్నరలో షెడ్డు ఖాళీ కావాలి. తుక్కు వ్యాపారి వచ్చి బరువు లెక్కన బేరం చెప్పి వెళ్లాడు. అత్తయ్య ఒకటే మాట అంది: "నడిస్తే కొత్తింట్లో చోటు చూద్దాం. నడవకపోతే ఇచ్చెయ్యండి. ఇలా చూస్తూ కూర్చోలేను."

పక్క పట్నం నుంచి ఒక పెద్ద మేస్త్రీ వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. ఆయన మొదటి రోజు ఒక్క బోల్టు కూడా విప్పలేదు. చుట్టూ తిరిగి చూశాడు, కింద పడుకుని చూశాడు, ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. ఎయిర్‌క్లీనర్‌లోంచి ఎలుకలు చేర్చిన వరిగడ్డి, కొబ్బరి పీచు తీయించాడు. సైలెన్సరులో పుల్ల పెట్టి కెలికాడు. అంగుళాల స్పానర్లు ఎవరి దగ్గరున్నాయని అడిగాడు. ఆ బండి బోల్టులకు నేటి మిల్లీమీటర్ స్పానర్లు సరిగా పట్టవు, తలలు గుండ్రబడిపోతాయి. మామయ్య డిక్కీలోనే ఉంచిన గుడ్డ సంచిలో అవి దొరికాయి.

రెండో రోజు పాత ఇంజిన్ ఆయిల్ తీసేశాం. తారులా దిగింది. రేడియేటరులోంచి ఇటుక రంగు నీళ్లు వచ్చాయి. నాలుగు ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరులో తుప్పు వదిలించే నూనె పోశాం. గేరు తీసేసి, ముందు బంపరు కింద ఉండే రంధ్రంలోంచి హ్యాండిల్ పెట్టి తిప్పితే ఇంజిన్ కదలలేదు.

మా వాళ్లలో ఒక కుర్రవాడు, గేరులో వేసి ట్రాక్టరుతో లాగిద్దామన్నాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. "లాగొద్దు బాబూ. అది కదలనంటోందంటే లోపలెక్కడో పట్టుంది. బలం పెడితే పట్టు వదలదు, రింగు విరుగుతుంది. రోజూ కాస్త నూనె పొయ్యండి, పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి హ్యాండిల్ మీద చెయ్యి వెయ్యండి చాలు" అని వెళ్లిపోయాడు. నెలన్నర గడువులో రోజులు అలా గడిచిపోతుంటే అందరికీ అసహనంగానే ఉండేది. తుక్కు వ్యాపారి ఫోను మళ్లీ వచ్చింది. ఆరో రోజు సాయంత్రం హ్యాండిల్ అంగుళం కదిలింది. వెనక్కి అంగుళం, ముందుకు రెండంగుళాలు తిప్పుతూ పోతే తొమ్మిదో రోజుకు ఇంజిన్ పూర్తి చుట్టు తిరిగింది.

కంప్రెషన్ చూస్తే మూడో సిలిండరు బలహీనం. హెడ్డు విప్పితే కారణం కళ్లకు కట్టింది. మూడో సిలిండరు గోడ మీద, పిస్టన్ పద్దెనిమిదేళ్లు నిలిచిన చోట, ఉంగరంలా తుప్పు గీత ఉంది. అది తెరిచిన వాల్వుతో ఆగిన సిలిండరన్నమాట. గీత లోతుగా లేదు కాబట్టి బోరింగు అక్కర్లేకపోయింది. గోడను సన్నగా రుద్ది, రింగులు మార్చి, వాల్వులు నూరి బిగించాం.

స్పార్కు పని సులువుగానే తేలింది. అప్పటి ఇంజిన్‌లో కంప్యూటర్ లేదు. డిస్ట్రిబ్యూటరులో రెండు చిన్న పాయింట్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే కాయిల్‌లో అధిక వోల్టేజీ పుడుతుంది. ఏళ్లు గడిస్తే ఆ పాయింట్ల మీద కంటికి కనబడని పొర ఏర్పడి కరెంటును ఆపేస్తుంది. సన్నటి ఎమరీ కాగితంతో తుడిచి, సందు సుమారు 0.4 మిల్లీమీటరుకు సరిచేసి, కండెన్సరు మారిస్తే నిప్పురవ్వ వచ్చింది. బ్యాటరీ తగిలించే ముందు మేస్త్రీ ఎర్త్ వైరు ఏ కొసకు ఉందో చూశాడు. ఆ కాలపు బ్రిటిష్ పద్ధతి కార్లలో చాలావాటికి పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. ఇప్పటి అలవాటు కొద్దీ తారుమారుగా తగిలిస్తే విద్యుత్ భాగాలు దెబ్బతింటాయి.

తర్వాత కొత్త ఆయిల్ పోసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్‌తో కొద్ది కొద్దిసేపు తిప్పాం. రాకర్ కవరు తీసి చూస్తూ, పైన రాకర్ల దగ్గరికి నూనె ఊరి వచ్చేదాకా ప్లగ్గులు పెట్టనివ్వలేదు. బేరింగులకు నూనె అందకుండా ఇంజిన్ పేలితే ఇంత ఓపికా వృథా. పాత ట్యాంకును నమ్మకుండా, ఒక సీసాలో తాజా పెట్రోలు పోసి ఎత్తున వేలాడదీసి, గొట్టంతో కార్బురేటరుకు అందించాం. చోక్ లాగి సెల్ఫ్ కొడితే మూడోసారికి అందుకుంది. నీలం పొగ షెడ్డంతా నిండింది. మేస్త్రీ అరనిమిషంలో ఆపేశాడు. కింద ఎక్కడ కారుతోందో చూసి, మళ్లీ స్టార్ట్ చేయించాడు.

ఇంజిన్ పలికినప్పుడే పని అయిపోయిందనుకుంటే అంతకు మించిన ప్రమాదం లేదు. నడిచే బండి కన్నా ఆగే బండి ముఖ్యం. నాలుగు చక్రాల బ్రేకు సిలిండర్లూ విప్పితే రెండు బిగుసుకుపోయి ఉన్నాయి. రబ్బరు గొట్టాలు బయటికి బాగున్నా లోపల ఉబ్బి ఉంటాయి. తొక్కితే నూనె వెళుతుంది, తిరిగి రాదు, చక్రం పట్టుకుని ఉండిపోతుంది. వాటన్నిటినీ మార్చాం. టైర్లకు గీత అరగకపోయినా పక్కగోడలు బీటలు వారాయి. అవీ మార్చాం. ఇవన్నీ అయ్యాకే బండి షెడ్డు దాటింది. ఇల్లు పడగొట్టే పని మొదలుకావడానికి ఇంకా నాలుగు రోజులుంది. అత్తయ్య వెనక సీట్లో కూర్చుని ఊరి చెరువు గట్టు దాకా వెళ్లివచ్చింది. కొత్తింటి ప్లానులో ఇప్పుడు ఒక కారు షెడ్డు ఉంది.

పెట్రోలు కూడా మారింది

బండి ఆగిన కాలంలో దాని ఆహారం మారిపోయింది. 1973లో మన పెట్రోలులో సీసం కలిపేవారు. అది ఇంజిన్ కొట్టుకోకుండా ఆపేది, వాల్వులు కూర్చునే అంచుల మీద పూతలా నిలిచి వాటిని కాపాడేది కూడా. సీసం మనుషులకు, ముఖ్యంగా పిల్లల మెదడుకు విషం. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. మంచి పని. కానీ పాత ఇంజిన్ల పోత ఇనుప హెడ్డులో వాల్వు అంచులు ఆ రక్షణ లేక నెమ్మదిగా లోపలికి దిగిపోతాయి. హెడ్డు ఎలాగూ విప్పాం కాబట్టి ఆటోనగర్‌లో గట్టి ఉక్కు సీట్లు కూర్పించాం.

రెండో మార్పు ఇథనాల్. 2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలైన మిశ్రమం ఇప్పుడు 20 శాతానికి చేరింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. బండి చాలాకాలం కదలకపోతే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగున విడిగా చేరతాయి. పాత రబ్బరు గొట్టాలను, పంపులోని డయాఫ్రమ్‌ను అది మెత్తబరుస్తుంది. అందుకని గొట్టాలు, డయాఫ్రమ్ ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేశాం. అప్పుడప్పుడే తీసే బండిలో పెట్రోలు కొద్దిగా పోయించుకుని వాడేసుకోవాలి. నెలల తరబడి ఆపేటప్పుడు ట్యాంకు, కార్బురేటరు ఖాళీ చేయాలి.

చట్టం ఏమంటోంది

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2021లో కేంద్రం పాత వాహనాలను తుక్కుకు పంపే విధానాన్ని తెచ్చింది. అదే ఏడాది జులైలో వింటేజ్ వాహనాలకు వేరే నిబంధనలూ తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మార్చని బండికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా నమోదు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు నడపవచ్చు. రోజువారీ వాడకానికి, వ్యాపారానికి వీల్లేదు.

ఈ 50 ఏళ్ల గీత గమనించదగ్గది. 1970ల తొలి సగంలో కొన్న అంబాసిడర్లు, ఫియట్లు ఇప్పుడిప్పుడే ఆ గీత దాటుతున్నాయి. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ లాంటి రాజుల కార్లు ఎలాగైనా నిలుస్తాయి. ఆరో నిజాం కోసం తెప్పించిన ఆ బండి విలువ అందరికీ తెలుసు కాబట్టి దాన్ని చూసుకునేవారుంటారు. అంబాసిడర్‌కు ఆ విలువ లేదు. డాక్టరుగారి కారు, సమితి కారు, టాక్సీ కారు. మన ఊళ్ల చరిత్ర నిజానికి ఎక్కింది వీటిలోనే, తుక్కుకు ముందుగా వెళుతున్నవీ ఇవే.

ప్రతి పాత బండినీ ఉంచాలని నేననడం లేదు. చట్రం తుప్పు తిని పొడిగా రాలుతుంటే ఆ బండిని వదిలెయ్యడమే మంచిది. రోజూ తిరగడానికి ఇది తగిన కారూ కాదు: సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు లేని కాలానిది. కానీ ఒక్కో జిల్లాలో నాలుగైదు బండ్లు నడిచే స్థితిలో ఉంటే, మూసిన ఆర్థిక వ్యవస్థ మనకేం పోగొట్టిందో, ఏం నేర్పిందో పిల్లలకు చేత్తో తాకించి చెప్పవచ్చు. మన బడి భౌతికశాస్త్రం గదిలో ఒక పాత డిస్ట్రిబ్యూటరు, కోసి చూపించిన ఒక కార్బురేటరు ఉంటే పాఠం ఎంత తేలికవుతుందో మన గురువులకు నేను చెప్పనక్కర్లేదు.

కాబట్టి మిత్రులకు రెండు విన్నపాలు. మీ ఇంట్లోనో, మీ అత్తవారింట్లోనో షెడ్డులో పాత బండి ఉంటే, తుక్కు వ్యాపారికి ఫోను చేసే ముందు ఒక పెద్ద మేస్త్రీకి చూపించండి. ఆయన వద్దంటే వదిలెయ్యండి, బాగుపడుతుందంటే తొందరపడకండి. తాళం మాత్రం తిప్పకండి. రెండోది, ఆయన పని చేస్తున్నప్పుడు పక్కన నిలబడి రాసుకోండి, ఫోనులో రికార్డు చేయండి. ఏ బోల్టు ముందు విప్పాడు, ఏది విప్పలేదు, ఎందుకు ఆగాడు అన్నవన్నీ. విడిభాగాలు లేత్ మీద మళ్లీ చేయించుకోవచ్చు. కానీ ఎప్పుడు బలం పెట్టాలో, ఎప్పుడు ఆరు రోజులు ఆగాలో తెలిసిన చెయ్యిని తయారు చేసే లేత్ లేదు.